అద్దాల మీద తెల్లగుడ్డ

రెండో రోజు కూడా కలీపా అపా టీ ముట్టుకోలేదు.

సైకాల్ చల్లారిన టీ పారబోసి, గిన్నె కడిగి, మళ్ళీ వేడిగా పోసి తెచ్చింది. గిన్నెలో సగమే పోసింది. నిండా పోస్తే తాగేసి లేచిపొమ్మన్నట్టు అవుతుంది. అసలే అత్తగారు నిప్పుల మీద ఉంది. ఆ వంక కూడా దొరికితే ఇక అంతే సంగతులు.

కలీపా అపా గిన్నె వంక చూడలేదు, కోడలి వంక అసలే చూడలేదు. కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. అక్కడ పొగ తప్ప చూడ్డానికి ఏముంది గనక! అక్టోబరు సగం కూడా గడవలేదు, అప్పుడే బిష్కెక్ ఊరంతా బొగ్గు పొయ్యిలు రాజుకున్నాయి.

"అపా, ఒక్క గుక్క తాగండి. ఖాళీ కడుపున బీపీ మాత్ర వేసుకోకూడదని డాక్టరమ్మ చెప్పలేదూ?"

"నా మాత్రల సంగతి నేను చూసుకుంటాలే. నువ్వు నా పెట్టె సంగతి చూశావుగా, అది చాలు."

పెట్టె. మళ్ళీ అదే పెట్టె. నిన్న పొద్దుటి నుంచీ ఈ ఇంట్లో ఏ మాట ఎత్తినా తిరిగి తిరిగి ఆ పెట్టె దగ్గరికే వచ్చి ఆగుతోంది.

"తెలియక తీశానని నిన్నట్నుంచీ చెప్తూనే ఉన్నానండీ. ఆ కెమెరా అబ్బాయి తొందర పెట్టాడు. పైన తెల్లగా మడత కనపడింది, దుప్పటి అనుకుని లాగాను."

"దుప్పటా! నీ కళ్ళకి అది దుప్పటిలా కనపడిందా? మీ మామ పోయిన ఏడాది నేనే బజారుకి వెళ్ళి కొని, నా చేత్తో ఉతికి, ఆరేసి, మడతపెట్టి దాచుకున్న గుడ్డే అది. నన్ను మట్టిలో పెట్టేరోజు నాకు చుట్టాల్సిన గుడ్డ. దాన్ని తీసుకెళ్ళి బీరువాకి కట్టావు!"

బీరువాకి కాదు, అద్దానికి, అందామని సైకాల్ నోటిదాకా వచ్చింది. మింగేసింది.

నిజానికి ఆమెకీ ఒళ్ళు మండిపోతోంది. ఆగస్టు నుంచీ ఈ ఫ్లాటు చూడ్డానికి పదకొండు మంది వచ్చారు. వచ్చినవాళ్ళకి ఇల్లు చూపించాలా, పెళ్ళిచూపులు చెయ్యాలా? అపా రెండోదే చేసేది. గడప దాటినవాణ్ణి రొట్టె ముక్క నోట్లో పెట్టుకోకుండా పోనిచ్చేది కాదు. రొట్టె వెనకే టీ, టీ వెనకే జామ్, జామ్ వెనకే ప్రశ్నలు. మీదే ఊరు? మీ నాన్న పేరేమిటి? ఏడు తరాల తాతల పేర్లు వరసగా చెప్పు చూద్దాం?

ఒక కుర్రాడు నాలుగో తాత దగ్గర ఆగిపోయాడు. "తాతల పేర్లే తెలియనివాడు నా ఇల్లేం నిలబెడతాడు?" అని వాడి మొహానే అనేసింది. మిగిలినవాళ్ళతో ఇంకో చిక్కు. రొట్టె తిని, ఆవిడ కథంతా విని, గోడ మీది మామగారి పటం చూసి కళ్ళు తుడుచుకుని, ఇంత పెద్దావిణ్ణి ఇంట్లోంచి లేపితే మాకు పాపం చుట్టుకుంటుందమ్మా అని చెప్పి వెళ్ళిపోయేవాళ్ళు. పదకొండు మందీ అంతే!

అందుకే సైకాల్ వర్చువల్ టూర్ మాట ఎత్తింది. ఎవరూ రానక్కర్లేదు. ఎక్కడున్నవాళ్ళు అక్కడే ఉండి, ఫోను మీద వేలితో తోసుకుంటూ, వంటింటి నుంచి వసారా దాకా ఇల్లంతా తిరిగి చూసుకోవచ్చు. నచ్చితే కొంటారు, లేకపోతే లేదు. రొట్టెల గొడవ ఉండదు, తాతల గొడవా ఉండదు.

"గడప తొక్కకుండా, చెప్పులు విప్పకుండా, రొట్టె ముట్టకుండా నా ఇల్లంతా తిరిగేవాణ్ణి ఏమంటారో తెలుసా?" అంది అపా ఆ రోజు. "మా నరీన్ వైపు దొంగ అంటారు."

అని, అలిగి, మొన్న ఫొటోలు తీసే వేళకి పక్కింటికి పోయి కూర్చుంది. ఇంకేం, అంతకన్నా మంచి సమయం దొరకదనుకుంది సైకాల్. అబ్బాయి వచ్చాడు, మూడుకాళ్ళ కర్ర మీద గుండ్రటి కెమెరా బిగించాడు. ఇది అన్ని వైపులా ఒకేసారి చూస్తుందక్కా, అద్దంలో నేనూ కెమెరా పడిపోతాం, అద్దాలన్నీ కప్పెయ్యండి, తరవాత నేను సరిచేసేస్తాను అన్నాడు. అవతల గదిలో కూతురు ఐబీకె దగ్గుతోంది. పెట్టె తెరిచింది, తెల్లగుడ్డ లాగింది, గది గదికీ అదే గుడ్డ మార్చి మార్చి కప్పింది. అంతే జరిగింది.

*

మేదెర్ వంటింట్లోంచి వచ్చాడు, అయిదేళ్ళ కూతుర్ని భుజాన వేసుకుని. వచ్చి, భార్య వంకా తల్లి వంకా చూసి, నడుమ ఎక్కడ నిలబడాలో తెలియనట్టు తలుపు దగ్గరే ఆగిపోయాడు. అతనెప్పుడూ అంతే. బళ్ళో నలభై మంది పిల్లలకి ఫిజిక్సు పాఠం గడగడా చెప్తాడు, ఇంటికొస్తే నోరు పెగలదు.

"రాత్రి ఎన్నిసార్లు లేచింది?" అడిగింది సైకాల్.

"నాలుగుసార్లు."

"చెప్పు, మీ అమ్మగారికి వినపడేలా చెప్పు."

"ఆవిడకి తెలుసు సైకాల్. పక్క గదేగా."

"తెలిస్తే మరి?" ఆమె గొంతు పెరిగింది. "పోయిన చలికాలం రెండుసార్లు ఆసుపత్రిలో పెట్టాం. మొహానికి గొట్టం తగిలించి పడుకోబెట్టారు. ఇంకో చలికాలం ఈ పొగలో ఉంచితే నా పూచీ లేదని డాక్టరు నీతోనే అన్నాడు కదా. కరకోల్‌లో నీకు బడి దొరికింది. సరస్సు గాలి. ఇంకేం కావాలి? ఈ ఇల్లు అమ్మితే తప్ప అక్కడ గూడు కొనలేం. ఆ ఎర్మెక్ ఈ రోజు పన్నెండింటికి ఫోను చేస్తాడు. ఇంటావిడ నోటితో ఒక్క మాట వింటే చాలు, కాగితాలు పంపుతానన్నాడు. లేకపోతే ఇంకో ఇల్లు చూసుకుంటాడు. ఇప్పుడు పదకొండయింది."

ఎర్మెక్ ఎక్కడో రష్యాలో, యాకూత్స్క్ గనుల్లో పనిచేసే మనిషి. టూర్‌ని నాలుగు వందల మంది చూస్తే ఫోను చేసింది అతనొక్కడే.

"అపా," అన్నాడు మేదెర్ మెల్లగా. "నువ్వూ మాతో వస్తావుగా. అక్కడ నీకో గది..."

"మీ నాన్న శవాన్ని ఏ మెట్ల మీంచి దింపారు?"

మేదెర్ పిల్లని లోపలి గదిలో పడుకోబెట్టి వచ్చాడు.

"ఏ వాకిట్లో యుర్తా గుడారం వేసి ఆయన్ని పడుకోబెట్టారు? ఎవరు వచ్చి మూడు రోజులు కూర్చున్నారు? ఈ నాలుగంతస్తుల వాళ్ళే కదా, రష్యా ముసలమ్మతో సహా? నాకూ ఆ వాకిట్లోనే వెయ్యాలి. కరకోల్‌లో నేను పోతే ఎవరొస్తారు? నీ బడి పిల్లలా?"

ఇదీ ఆవిడ పట్టు. తప్పని ఎలా అంటావు? ఒప్పని మాత్రం ఎలా అంటావు? సైకాల్‌కి ఏడుపొచ్చేంత విసుగొచ్చింది. బతికున్న పిల్ల ఊపిరికీ, ఇంకా రాని చావుకీ పోటీ పెడితే ఏ తక్కెడలో తూచాలి?

ఆ విసుగులోనే ఫోను తీసి టూర్ తెరిచింది. నాలుగు వందల మంది చూసి ఒక్కడే ఎందుకు పలికాడో ఆమెకి నిన్నటి నుంచీ అంతుపట్టడం లేదు. వేలితో తోసింది. వసారా వచ్చింది. అద్దం మీద తెల్లగుడ్డ. పెద్దగది. అక్కడా తెల్లగుడ్డ. పడకగది, బీరువా రెండు తలుపుల మీదా తెల్లగుడ్డ. మామగారి పటం. ఖాళీ మంచం. ఇంట్లో నరమానవుడు లేడు. సరిచేస్తానన్న ఆ అబ్బాయి ఏమీ సరిచేయలేదు.

అప్పుడు వెలిగింది. నిన్న ఎర్మెక్ కూడా, మీ ఇంట్లో ఎవరైనా పోయారా అక్కా, మా ఆవిడ అడగమంది, అన్నాడు. ఏదో మాటవరసకి అన్నాడనుకుంది.

"మేదెర్, ఇలా రా. ఇది చూడు. చావింట్లో తప్ప అద్దాలన్నీ ఇలా ఎవరు కప్పుతారు?"

అతను చూశాడు. సరిగ్గా అప్పుడే కింద మెట్ల మీంచి మగగొంతు ఒకటి గావుకేక పెట్టింది.

"అయ్యో వదినో! నన్ను సాకిన నా వదినో! నీ మొహం చూడకుండానే పోయావా వదినో!"

దాని వెనకే ఆడగొంతు. దాని వెనక ఇంకో రెండు. ఏడుపు అంతస్తు అంతస్తూ ఎక్కి పైకొస్తోంది. ఎదురింటి తలుపు తెరుచుకున్న చప్పుడయింది.

"ఎవరే పోయింది?" అంటూ అపా లేచింది. సైకాల్ ఆపేలోపే వెళ్ళి తలుపు తీసింది.

గుమ్మంలో జుమాదిల్, పోయిన మామగారి తమ్ముడు, తెల్ల టోపీ ఛాతీకి హత్తుకుని, నోరు సగం తెరిచి నిలబడిపోయాడు. అతని ఏడుపు నోట్లోనే ఆగిపోయింది. వెనక అతని పెళ్ళాం తుర్సున్, ఆమె వెనక ఇంకో ఇద్దరు చుట్టాలు, ఒకరి మీద ఒకరు పడ్డారు.

"వదినా..." అన్నాడు చివరికి. "నువ్వు బతికే ఉన్నావా?"

"ఉన్నట్టే ఉన్నాను. నీకేమైనా ఇబ్బందా?"

జుమాదిల్ చెప్పుల బల్ల మీద చతికిలబడ్డాడు. తుర్సున్ ఆవిడ మెడ కావలించుకుని ఈసారి నిజంగా బావురుమంది.

"చాల్లే, ఏడుపు కొంచెం దాచుకో," అంది అపా ఆమె వీపు నిమురుతూ. "ముందు ముందు పనికొస్తుంది. తెల్లవారుజామునే బయల్దేరారా నరీన్ నుంచి? ఉత్త చేతులతోనే వచ్చారా?"

"గొర్రె కింద కారు డిక్కీలో ఉంది," అన్నాడు జుమాదిల్ కళ్ళు తుడుచుకుంటూ.

"లావుదేనా?"

"నీకు సాటి వచ్చే గొర్రె మా మందలో ఎక్కడిది వదినా? ఉన్నవాటిలో మంచిది తెచ్చాను."

అపా నవ్వింది. రెండు రోజులకి ఇదే మొదటిసారి నవ్వడం. వాళ్ళని లోపలికి తీసుకెళ్ళి, తలుపుకెదురుగా పెద్దవాళ్ళు కూర్చునే చోట మరిదిని కూర్చోబెట్టి, బల్ల మీద బట్ట పరిపించి, రొట్టె తెప్పించి, తనే టీ పోయడం మొదలుపెట్టింది. పోస్తూ పోస్తూ తనూ రెండు గిన్నెలు తాగేసింది. సైకాల్ చూస్తూ నిలబడింది. రెండు రోజులు తను కాళ్ళావేళ్ళా పడితే దిగని టీ!

"ఒక్క ఫోను చేసి కనుక్కోవాల్సింది కదండీ చిన్నమామయ్యా," అంది ఉండబట్టలేక.

"చావు కబురు ఫోనులో అడుగుతారా అమ్మాయ్?" జుమాదిల్ ఆమెని వింతగా చూశాడు. "ఏమని అడగను, మా వదిన పోయిందా లేదా చెప్పండి అనా? తిన్నగా బయల్దేరి రావడమే. ఇదిగో, మా మేనకోడలు ఫోనుకి ఇది పంపింది, చుట్టాలందరికీ చేరిపోయింది. అన్నయ్య పటం గుర్తుపట్టాను. అద్దాలకి తెల్లగుడ్డలు. ఏ గదిలోకి తోసినా వదిన లేదు. ఇంకేమనుకోమంటావ్?"

ఫోను చేతిలో తిప్పుకుంటూ, మెల్లగా మొహం ముడిచాడు.

"అయినా ఇదేమిటి? మా అన్నయ్య ఇల్లు ఇందులోకి ఎలా వచ్చింది?"

మేదెర్ తివాచీ మీది పువ్వుల్ని చూస్తున్నాడు. తుర్సున్ గిన్నె కింద పెట్టింది.

"అమ్మకానికి పెట్టామండీ," అంది సైకాల్.

"ఎవరినడిగి?"

"ఎవరినడగాలి?"

"సైకాల్!" అన్నాడు మేదెర్.

"ఇప్పుడు నోరొచ్చిందా నీకు?"

జుమాదిల్ తన ముందున్న రొట్టెని రెండు వేళ్ళతో అవతలికి జరిపాడు. "అన్నయ్య సంపాదించిన గూడు. చిన్నకొడుకు మేదెర్ చేతిలో పెట్టి పోయాడు. చిన్నకొడుకు ఉండాల్సింది ఎక్కడ? తల్లి దగ్గర, తండ్రి ఇంట్లో. అమ్మడం లేదని వదిన నోటితో చెప్పేదాకా ఈ ఇంట్లో రొట్టె ముట్టను."

రొట్టె ముట్టనన్నాడు! చుట్టాలిద్దరూ చేతులు వెనక్కి తీసుకున్నారు. అపా మొహంలో ఇంతసేపూ ఉన్న నవ్వు పోయింది.

సైకాల్ ఇక ఆగలేకపోయింది.

"ముట్టకండి! ఎవరూ ముట్టకండి! ఆవిడ పోయిందనుకుని చీకట్లో లేచి, కొండలు దాటి వచ్చారు. గొర్రెని తెచ్చారు. మెట్లు ఎక్కుతూ గొంతు చించుకుని ఏడ్చారు. పోయిన జనవరిలో నా కూతురు ఆసుపత్రిలో పదిరోజులుంది. మీలో ఒక్కరైనా వచ్చారా? చస్తే వస్తారన్నమాట! బతకడానికి మాత్రం ఎవరూ రారు!"

తనేం అందో అన్నాక తెలిసింది. నాలుక కరుచుకుంది. కానీ వెనక్కి తీసుకోవాలనిపించలేదు. అది నిజం. ఏ మాటకామాట, ఈ ఇంట్లో నిజం మాట్లాడి ఎన్నాళ్ళయిందో.

లోపలి గదిలో ఐబీకె దగ్గింది. పొడి దగ్గు, ఆగి ఆగి, చివర ఊపిరి అందక ఈల వేసినట్టు. అందరూ విన్నారు.

కలీపా అపా లేచింది. తన గదిలోకి వెళ్ళింది. పెట్టె మూత కిర్రుమంది. వచ్చినప్పుడు ఆవిడ చేతిలో ఆ తెల్లగుడ్డ ఉంది, నిన్న మళ్ళీ ఉతికి మడతపెట్టింది. వసారాలోకి వెళ్ళి, కాలి వేళ్ళ మీద లేచి, పెద్ద అద్దానికి కప్పింది. మడతలు చేత్తో సరిచేసింది.

"అపా, ఏం చేస్తున్నారు?" సైకాల్ వెనకే వెళ్ళింది.

"ఏడుపులయిపోయాయి," అంది ఆవిడ. కోపం లేదు గొంతులో. అది ఉన్నా బాగుండేది. "మరిది ఏడ్చాడు, తోటికోడలు ఏడ్చింది. మెట్ల వాళ్ళంతా విన్నారు. గొర్రె వచ్చింది. ఇంకేం మిగిలింది? కిందికెళ్ళి కొయ్యండి జుమాదిల్, వాకిట్లోనే, అందరికీ పెట్టండి. నేను పోయాను. పోయినదానికి ఇల్లెందుకు? అమ్ముకోమను ఆ పిల్లని. పన్నెండింటికి ఎవరో అడుగుతాడటగా, అమ్ముతున్నానని నేనే చెప్తాను."

"వదినా, ఆ మాటలేమిటి!"

"మీరూ మాతో వస్తారు కదా అపా?" అంది సైకాల్. "కరకోల్‌కి?"

"పోయినవాళ్ళని బస్సెక్కిస్తారా ఎక్కడైనా?"

ఫోను మోగింది. బల్ల మీద, రొట్టె పక్కన. పన్నెండు కావడానికి ఇంకా పది నిమిషాలుంది. ఎర్మెక్ పేరు.

రెండు నెలలుగా సైకాల్ ఎదురుచూసిన మాట అదే. ఆవిడ నోటితో వచ్చింది. చెయ్యి చాపి ఫోను తీస్తే చాలు. చెయ్యి కదల్లేదు. ఆ తెల్లగుడ్డ వంకే చూస్తోంది. ఇలా వస్తుందని ఎప్పుడనుకుంది? తిట్టి ఒప్పుకుంటుందనుకుంది, ఏడ్చి ఒప్పుకుంటుందనుకుంది. ఇలా ఇస్తే ఎలా తీసుకుంటారు?

ఆమె తేల్చుకునేలోపు మేదెర్ వంగి ఫోను తీశాడు.

"హలో. అవును, ఆ ఇల్లే. నేను ఇంటావిడ కొడుకుని." తల్లి వంక చూశాడు, అద్దం వంక చూశాడు. "మా అమ్మ బతికే ఉంది. ఇల్లు అమ్మడం లేదు."

పెట్టేశాడు. జీవితంలో మొదటిసారి ఒక నిర్ణయం తీసుకున్నాడు. జుమాదిల్ పెద్దగా ఊపిరి వదిలి, రొట్టె ముందుకు లాక్కున్నాడు.

సైకాల్ అరుస్తుందని అందరూ అనుకున్నారు. అరవలేదు. వసారాలోకి వెళ్ళి కొక్కానికున్న ఐబీకె కోటు తీసింది. టోపీ తీసింది. మందుల సంచీ తీసింది. తన కోటు కూడా తీసింది. లోపలికెళ్ళి పిల్లని లేపి, మెడకి ఉన్ని కండువా చుట్టి ఎత్తుకొచ్చింది.

"ఎక్కడికి?" అన్నాడు మేదెర్.

ఆమె బూట్లు తొడుక్కుంటోంది.

"సైకాల్, ఎక్కడికంటే?"

"కరకోల్ బస్సు ఒంటిగంటకి."

"ఇల్లు లేకుండా అక్కడికెళ్ళి..."

"గాలి ఉంది."

తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేసింది. వెనక నుంచి అడుగుల చప్పుడు వినపడింది. కలీపా అపా. చేతిలో గుండ్రటి రొట్టె. ఇంట్లోంచి ఎవరు వెళ్తున్నా, ఎంత గొడవైనా, రొట్టె ముట్టకుండా ఆవిడ ఎవరినీ పోనివ్వదు. పదకొండు మందినీ పోనివ్వలేదు.

మనవరాలి నోటికి అందించింది. ఐబీకె చిన్న ముక్క కొరికి, నమిలి, దగ్గింది. అపా ఆ పిల్ల నోరు బొటనవేలితో తుడిచింది. తరవాత రొట్టెని కోడలి వైపు తిప్పింది.

"నువ్వూ."

సైకాల్ రొట్టె వంక చూసింది. అది కొరికితే మళ్ళీ ఈ గడపకి తిరిగొస్తానని మాట ఇచ్చినట్టే. కొరక్కుండా వెళ్తే ఇక ఈ ఇంట్లో మనిషి కానట్టే. వెనక గదిలో మేదెర్ ఫోను చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కింద వాకిట్లో, కారు డిక్కీలోంచి, గొర్రె అరిచింది.

అపా చెయ్యి దించలేదు.